వంతెన కాపలావాడి మాటలు

తమిళనాడులోని రాజపాళయం బస్టాండులో బస్సు కోసం కూర్చుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకుంటున్నాను. కంప్యూటర్‌లో ఆడే ఒక రోల్‌ప్లేయింగ్ గేమ్‌ను, టీవీ ముందు కూర్చుని ఆడే కన్సోల్‌కు మార్చడం అప్పట్లో నా పని. కంట్రోలర్ బటన్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటూ, పాత్రల మాటలన్నీ చదవకుండానే దాటేస్తున్నాను.

మిల్లులో షిఫ్టు దిగి వచ్చిన ఒక పెద్దావిడ రెండు కుర్చీల అవతల నుంచి తెర వైపే చూస్తోంది.

"కొంచెం నిల్పమ్మా. వాడేం చెప్పినాడు? ఎళుత్తు చిన్నగా ఉండాది, ఇక్కడికి కనబడలే."

తెరమీద తమిళంలో ఉన్న ఆ చిన్న అక్షరాలు చదివి చెప్పాను. వాడు వంతెన కాపలావాడు. తన తర్వాత కాపలాకు రావలసినవాడు రాలేదట, ఆకలిగా ఉందట. వాణ్ణి తోసేసి పోవచ్చు, లేదా మన రొట్టె ఇవ్వవచ్చు. నేనెప్పుడూ తోసేసేదాన్ని.

"రొట్టె ఇయ్యమ్మా. షిఫ్టు మార్చేదానికి ఇంకో ఆళు రాకుంటే ఆ కష్టం నాకు తెలుసు," అందావిడ.

ఇచ్చాను. వాడు తింటూ, ఊళ్లో ఎదురుచూస్తున్న కూతురి గురించి చెప్పాడు. ఇన్ని నెలల్లో వాడికో కూతురుందని నాకే తెలియదు.

ఇంతలో సేత్తూరు బస్సు రావడంతో ఆవిడ వెళ్లిపోయింది.

తర్వాత ఆఫీసులో అక్షరాలు పెద్దవి చేసి, టీవీకి దూరంగా కూర్చుని అందరం చూశాం. కాపలావాడు కూతురి మాట ఎత్తినప్పుడు దాటేసే బటన్ ఎవరూ నొక్కలేదు.