డబ్బా అడుగున చిల్లులు

మా తోటికోడలి మీద పగ తీర్చుకున్నాను. తప్పయిపోయిందని చెప్పుకోవడానికి కాదు, ఎలా తీర్చుకున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా బావగారి భార్య. అక్కా అని పిలుస్తాను. ఇద్దరం కలిసి టైడా దాటాక అరకు వెళ్లే ఘాట్ రోడ్డు పక్కన చికెన్ చీకుల బండి నడిపేవాళ్లం. ముక్కలకు మసాలా పట్టించి పుల్లలకు గుచ్చడం ఆమె పని, బొగ్గులు రాజేయడం నా పని. చలికాలం ఆ కొండల్లో బస్తాలో ఉన్న బొగ్గు కూడా చెమ్మ పట్టేస్తుంది. కిరసనాయిలు పోస్తే ముక్కకు కంపు. విసనకర్రతో విసిరి విసిరి నా భుజం పడిపోయేది.

ఒక ఆదివారం పొద్దున్నే మూడు కార్ల జనం దిగారు. పొగ తప్ప నిప్పు లేదు. వాళ్లు చూసి చూసి కార్లెక్కి వెళ్లిపోయారు. అక్క పుల్లలన్నీ పళ్లెంలో పడేసి, పక్కనున్న టీ కొట్టామె, కాఫీ పొడి అమ్మేవాళ్లు అందరూ వినేలా అరిచింది.

"దీని సెయ్యి మంచిది కాదమ్మా! ఇది ముట్టుకుంటే మండే పొయ్యయినా సచ్చిపోతాది. రేపట్నుంచి బండి కాడికి రాకే గుంటా!"

బండి పోయినందుకు అంత బాధ లేదు. ఆ మాట ఇంటిదాకా పాకింది. పెళ్లయినా పేరంటమైనా నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశారు. కూరలు తరగడానికి కూర్చోబెట్టేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆ మాట ఆమె నోటితోనే, అదే జనం ముందు వెనక్కి తీసుకోవాలి. నాకు కావలసింది అదొక్కటే.

దారి చూపించింది ఎవరో హైదరాబాద్ పిల్ల. స్నేహితులతో వచ్చి మా పొలం గట్టున టెంట్ వేసుకుంది. వాళ్ల దగ్గర ఒక స్టీలు గొట్టం ఉంది, చిమ్నీ స్టార్టర్ అంది. కింద కాగితం, పైన బొగ్గులు, అడుగున చుట్టూ చిల్లులు. కాగితం అంటించి వదిలేసింది. గాలి కింద నుంచి దానంతటదే లాక్కుంది. విసరలేదు, ఊదలేదు. మేం మాట్లాడుకుంటుండగానే పై బొగ్గులకు తెల్లటి బూడిద పట్టింది. నాకు ఏడుపొచ్చింది. నా చేతికి ఏ రోగమూ లేదు, గాలి లేకపోయిందంతే!

మర్నాడే ఒక నూనె డబ్బా పైనా కిందా కోసేశాను. బొగ్గులు నిలవడానికి జానెడు ఎత్తున ఇనుప కడ్డీలు అడ్డంగా దూర్చాను. అడుగంచు చుట్టూ మేకుతో చిల్లులు కొట్టాను. సరిగ్గా అక్క బండికి ఎదురుగా, రోడ్డుకు అవతల నా బండి పెట్టాను. ఆమె పొయ్యి ఇంకా పొగ కక్కుతుండగానే నా నిప్పుల మీద ముక్కలు చిటపటలాడేవి. కార్లు నా వైపు ఆగేవి. అక్క మొహం చూస్తుంటే కడుపు నిండిపోయేది.

ఆమె ఊరుకుంటుందా? రోజూ ఓ కన్ను నా డబ్బా మీదే. అందుకని డబ్బా అడుగు కనబడకుండా చికెన్ బేసిన్ అడ్డం పెట్టాను. అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? అంటించే ముందు డబ్బా చుట్టూ మూడుసార్లు తిరిగి, చిటికెడు ఉప్పు విసిరి, కళ్లు మూసుకుని గొణగడం మొదలుపెట్టాను. గొణిగేది మా లైన్లో రైల్వే స్టేషన్ల పేర్లు: బొడ్డవర, శివలింగపురం, టైడా, చిమిడిపల్లి...

నాలుగు రోజులకు ఆగలేక రోడ్డు దాటి వచ్చింది.

"ఏటే, ఏటి సదూతన్నావు?"

"సెప్పకూడదక్కా. సెప్తే పని సెయ్యదు."

ఆ వారమే ఆమె కూడా ఓ డబ్బా తెచ్చింది. పైమూత కోసింది, అడుగు అలాగే ఉంచేసింది. ఒక్క చిల్లు లేదు. కాగితం కుక్కి, బొగ్గు నింపి, మూడుసార్లు తిరిగి, ఉప్పు విసిరి, తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుని అగ్గిపుల్ల వేసింది. కాస్త పొగ వచ్చి ఆరిపోయింది. మళ్లీ తిరిగింది, మళ్లీ ఆరింది. ఇవతల నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఒక రోజు కాదు, పది రోజులు చూశాను ఆ వేడుక.

పదో రోజు టూరిస్టు బస్సు ఆగింది. అక్క డబ్బా చల్లగా ఉంది. పరుగున నా దగ్గరికి వచ్చి, "నాలుగు నిప్పులెయ్యే, బేగి!" అంది.

పట్టుకారు పైకెత్తి అడిగాను. "ముందు సెప్పు. ఎవుల సెయ్యి మంచిది కాదు?"

టీ కొట్టామె వింటోంది. కాఫీ పొడి వాళ్లు చూస్తున్నారు. అక్క తల వంచుకుంది.

"నాదే. నీది కాదే, నా సెయ్యే మంచిది కాదు."

నిప్పులు వేశాను. ఆ రోజు నా అంత మహారాణి అరకు లోయలో లేదు.

అయితే ఆమె ఆ మాట నిప్పుల కోసం అనలేదు, నిజమని నమ్మేసి అంది. అది నాకు తర్వాత తెలిసింది. బండి మూసేసింది. ఇంట్లో గ్యాస్ పొయ్యి కూడా కూతురి చేతే వెలిగించుకునేది.

పోయిన శ్రావణంలో ఆ కూతురే కొత్తింట్లో పాలు పొంగించింది. కన్నతల్లి చేతే పొయ్యి అంటించాలని అందరూ పిలిచారు. అక్క గోడ దాకా వెనక్కి జరిగి నన్ను ముందుకు తోసింది.

"నువ్వంటించవే. గుంట కొత్తగా కాపరం పెడతంది. నా సెయ్యి ఎందుకు?"

పగ తీరితే చల్లబడతామంటారు. నేను చల్లబడలేదు. డబ్బా సంగతి ఒక్క ముక్క చెబితే చాలు, ఆమె నవ్వుతూనో తిడుతూనో వచ్చి కూతురి పొయ్యి తనే అంటించేది. అందరూ నా కోసం చూస్తున్నారు. నేను నోరు మూసుకుని అగ్గిపుల్ల గీశాను.