సోమవారం దాకా ఆగమన్నది నేనే

ఆమె కన్ను పోవడం దేవుని చిత్తం అని ఎవరన్నా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. దేవుడు చెయ్యాల్సింది చేశాడు. నాకు చెప్పాడు. విననిదల్లా నేనే.

కడియం పక్క ఊళ్ళో నేను టీచర్ని. మా చర్చిలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. ఆమె మా సంఘంలోనే, నాకన్నా పదేళ్ళు పెద్ద. భర్త పోయాడు, పిల్లలు లేరు. నర్సరీలో మొక్కలు కత్తిరించే పనికి వెళ్ళేది.

ఆ గురువారం సాయంత్రం చర్చిలో మా సమాజం వార్షికోత్సవానికి పాటలు నేర్పిస్తున్నాను. ఆమె పని నుంచి నేరుగా వచ్చి, కొంగుతో ఎడమ కన్ను అదుముకుంటూ గుమ్మం దగ్గరే నిలబడింది.

“టీచర్ గారండీ, నిన్న కాగితం పూల కొమ్మ కంట్లో కొట్టిందండి. ముల్లు గీరుకుంది. నీళ్ళతో కడుక్కున్నాను, తగ్గలేదండి. రాజమండ్రి కంటాసుపత్రికి నాతో కాస్త వస్తారేంటండి? ఆ బోర్డులవీ చదవడం నాకు రాదు కదండీ.”

కన్ను చింతనిప్పులా ఉంది. చూస్తుండగానే నీళ్ళు కారుతున్నాయి.

నేను దర్శనాలు చూసే మనిషిని కాను. కానీ ఆ క్షణంలో లోపల ఒక మాట స్పష్టంగా వినిపించింది. ఇప్పుడే తీసుకెళ్ళు. ఆ మాట ఎవరిదో నాకు అనుమానం లేదు. స్కూటర్ బయటే ఉంది. పాటలు నేర్పడానికి మరొకరున్నారు.

“రేపు బడి, ఎల్లుండి రిహార్సల్, ఆదివారం ప్రోగ్రాం. సోమవారం సెలవు పెట్టి నేనే తీసుకెళ్తానక్కా. ఈలోగా ప్రార్థన చేద్దాం” అన్నాను.

“ఆయ్, అలాగేనండి” అంది.

ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. బాగా చేశానని మనసులో అనుకున్నాను కూడా. అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆదివారం వార్షికోత్సవంలో వాక్యం చెప్పింది నేనే. ప్రభువు పిలవగానే వలలు అక్కడే వదిలేసి వెంట నడిచిన జాలరుల గురించి ముప్పావు గంట మాట్లాడాను. ఆమె చివరి వరసలో కంటికి గుడ్డ కట్టుకుని కూర్చుంది. నేను ఆ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూడలేదంటే తప్పు తెలుస్తూనే ఉందన్నమాట.

సోమవారం డాక్టరు గారు పరీక్ష చేసి నా వైపు తిరిగారు.

“నల్లగుడ్డు మీద పుండు పడింది. లోపలికి దిగిపోయింది. ఇన్ని రోజులు ఏం చేస్తున్నారమ్మా?”

పాటలు నేర్పిస్తున్నామని చెప్పలేకపోయాను.

నెల పైగా మందులు వేశారు. కన్ను నిలిచింది గానీ చూపు నిలవలేదు. వెలుగో చీకటో తెలుస్తుంది, అంతే.

ఆమె మళ్ళీ చర్చికి వచ్చిన ఆదివారం మా పాస్టరు అయ్యగారు ఆమెను నిలబెట్టి, “అంతా దేవుని చిత్తం. ఒక కన్నైనా మిగిలినందుకు స్తోత్రం చెల్లిద్దాం” అన్నారు. జనం స్తోత్రం అన్నారు.

నేను లేచాను. “దేవుని మీదకి తొయ్యకండి అయ్యగారూ. ఆయన ఆ గురువారమే తీసుకెళ్ళమన్నాడు. నేను వెళ్ళలేదు. ఇక్కడ పాతికమంది ఆడవాళ్ళం ఆ కన్ను చూశాం. ఎవరమూ కదల్లేదు. కళ్ళు మూసుకుని చేతులు జోడించాం, అంతే.”

అయ్యగారు బైబిలు మూసి తల వంచుకున్నారు. వెనకాల ఎవరో “ఈవిడకేమైంది ఇవాళ?” అన్నారు.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఆమె నా పక్కకి వచ్చింది. క్షమించమని అడగబోయాను. అడగనివ్వలేదు.

“నాకు కోపం లేదనుకున్నారాండి? చాలా ఉంది. ఆ రోజు మీరు రానని చెప్పేస్తే ఇంకెవర్నో బతిమాలుకుని వెళ్ళేదాన్నండి. వస్తానన్నారు కాబట్టి ఆగాను.”

రానని చెప్పి ఉంటే ఆమె కన్ను దక్కేదేమో. సోమవారం అన్నాను. దేవుడికీ అదే చెప్పాను, ఆమెకీ అదే చెప్పాను.

ఇప్పుడు ఆమె ముళ్ళ మొక్కల జోలికి వెళ్ళడం లేదు, సంచుల్లో మట్టి నింపుతోంది. ఆసుపత్రికి నాతోనే వస్తుంది. దారిలో ఎక్కువ మాట్లాడదు. నేనూ మాట్లాడించను.

మొన్న సమాజం కూటంలో ఒకావిడ, మనవరాలికి మూడు రోజుల నుంచి జ్వరమని, ప్రార్థించమని అడిగింది. నేను లేచి, “పాపని తీసుకురండి, వెళ్దాం” అన్నాను.

“ముందు ప్రార్థన కానివ్వండి” అన్నారెవరో.

“మీరు చేస్తూ ఉండండి” అన్నాను. మర్యాదగా అనలేదు.

పాపకి మామూలు జ్వరమేనని తేలింది. ఇంత హడావుడి దేనికని వారం రోజులు నన్ను చూసి నవ్వుకున్నారు. నవ్వుకోనీ.