ఆయన కాని ఆయన

విలేకరికి వ్యాకరణమంటే అపారమైన భక్తి. ఆ భక్తే ఒక అమాయకుడి ఉద్యోగానికి ఎసరు పెట్టింది.

అతని పిన్ని నీటి పరీక్షల ల్యాబులో పనిచేసేది. కుళాయి నీళ్లు భేషుగ్గా ఉన్నాయని ఏళ్ల తరబడి సంతకాలు చేస్తూ, తాను మాత్రం ఆ నీళ్లే మరగకాచి, సీసాలో పోసి ఆఫీసుకు పట్టుకెళ్లేది. అదేమిటని అడిగితే, "సంతకం నాదిరా, అంకెలు మా పెద్దసారువి" అంది. సంగతంతా చెప్పి, తన పేరు బయటపెట్టనని మాట తీసుకుంది.

విలేకరి మాట నిలబెట్టుకున్నాడు. పేరుతో ఆగక ఆడమనిషన్న ఆనవాలు కూడా చెరిపేసి, "పేరు చెప్పడానికి ఇష్టపడని ఉద్యోగి ఒకాయన" అని రాశాడు. సత్యానికి సూదిమొనంత చిల్లు పెట్టి రహస్యాన్ని కాపాడానని తన భుజం తానే తట్టుకున్నాడు. ఆ ల్యాబులో పెద్దసారు కాక మగవాడు ఒక్కడేనని అతనికి తెలియదు.

ఆ ఒక్కడూ సీసాలు కడిగే అటెండరు. పలకరిస్తే తలాడించడమే గాని నోరు విప్పడు కనక అందరూ మౌనస్వామి అంటారు. విచారణలోనూ తలే ఆడించాడు. మౌనం అర్ధాంగీకారమన్నారు కదా, పూర్తిగా సస్పెండ్ చేశారు.

మౌనస్వామి పత్రికాఫీసుకు వచ్చి, జన్మలో మొదటిసారి కాబోలు, వరసగా రెండు వాక్యాలు మాట్లాడాడు. "నేను కాదని మీకు తెలుసు కదండీ. ఆ ఒక్క ముక్క రాయండి."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన కాదని రాస్తే మిగిలేది ఆడవాళ్లే. వాళ్లలో కాచిన నీళ్లు తెచ్చుకునేది పిన్ని ఒక్కతే. ఎడిటరును అడిగితే, ఇచ్చిన మాట ప్రాణంతో సమానమన్నాడు, అబద్ధం అచ్చేయడం మహాపాపమనీ అన్నాడు, ఆపైన టీకి వెళ్లిపోయాడు.

చివరికి విలేకరి ఒక సవరణ వేశాడు: "మొన్నటి వార్తలో 'ఆయన' అన్నచోట 'వారు' అని చదువుకోగలరు." ఆ వారు ఆడో మగో, ఒకరో పదిమందో బ్రహ్మదేవుడికి కూడా అంతుపట్టదు. మర్నాడు ల్యాబులో అందరికీ నోటీసులిచ్చారు. మౌనస్వామి సస్పెన్షన్ మాత్రం చెక్కుచెదరలేదు.

పిన్ని ఫోన్ చేసింది.

"వారేమిట్రా? చెప్పింది నేనొక్కదాన్నే కదా. నాకింత మర్యాద ఎప్పట్నించి?"

"నీకిచ్చిన మాట కోసమే, పిన్నీ."

"మాటిచ్చింది నాకు, మోస్తున్నది ఆయన. ఇక చాల్లే, పెద్దసారు గదిలోకి వెళ్తున్నా."

సాయంత్రానికి మౌనస్వామి ఉద్యోగం తిరిగొచ్చింది, పిన్నిది పోయింది. ఆ వార్త రాయడానికి కూర్చుని విలేకరి "ఆమె" అని టైపు చేశాడు, కొట్టేశాడు. తాను మాట తప్పినట్టా, నిలబెట్టుకున్నట్టా? ఎంతకీ తేలలేదు. నోరెండిపోయి, ఆఫీసు కుళాయి కింద గ్లాసు నింపుకున్నాడు. తాగాలో వద్దో తెలియక దానికేసి చూస్తూ ఉండిపోయాడు.