తప్పు ప్లగ్గుదే

ఉప్పుగూడ స్టేషన్ వెనక సందులో మెకానిక్ డానియేలు దగ్గరికి ఏ బండి వచ్చినా, దాని జబ్బు ఏదైనా, తీర్పు మాత్రం ఒక్కటే: తప్పు ప్లగ్గుదే.

తీర్పంటే ఆషామాషీ తీర్పు కాదు. ఇంజిన్‌లో పెట్రోలుకు నిప్పంటించే వేలెడంత స్పార్క్ ప్లగ్గును విప్పి, పాత పేపరు మీద నిలబెట్టి, డానియేలు కళ్లద్దాలు పెట్టుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా లేచి నిలబడాలి. నవ్వొచ్చినవాడు సందు చివరిదాకా వెళ్లి, నవ్వు పూర్తయ్యాక తిరిగి రావాలి. ప్లగ్గు మూతి వాసన చూసి, వెలుతురుకు తిప్పి, "ఏమన్న చెప్పుకునేదుందా?" అని అడిగి, జవాబు కోసం నిమిషం ఆగేవాడు. అది నోరు విప్పకపోతే బిస్కెట్ల డబ్బాలో ఠంగుమని వేసి మూత పెట్టేవాడు. అదే జైలు.

ఒకసారి కైలాసం డీజిల్ ఆటో తెచ్చాడు. "డీజిల్ బండికి ఈ ప్లగ్గే ఉండదు గదన్నా!"

డానియేలు బాధగా తలూపాడు. "పరారైందన్నట్టు. గింతకంటె సాక్ష్యమేం గావాలె?"

రిటైరైన గుమాస్తా ఉమాపతి, భార్య రాజరాజేశ్వరితో కలిసి స్కూటరు తోసుకుంటూ వచ్చిన రోజు మరీ ఘోరం.

"పెట్రోలు కొట్టించమని మూడుసార్లు చెప్పానా లేదా?" అని ఆవిడ.

"నిన్ననే కొట్టించానంటే వినవేం!" అని ఆయన.

డానియేలు విచారణ జరిపి, "తప్పు ప్లగ్గుదేనమ్మా" అన్నాడు. ముద్దాయి ఆఖరి కోరిక అంటూ సీసాతో ట్యాంకులో ఇంత పెట్రోలు పోశాడు. స్కూటరు వెంటనే స్టార్టయింది. ఉమాపతి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ట్రక్కు డ్రైవరు భిక్షపతికి ఈ కోర్టు మీద ఏనాడూ నమ్మకం లేదు. గతిలేకే వెళ్లాడు. ఆయన నీలం పికప్ ట్రక్కు కొడుకు సాగర్ కన్నా మూడేళ్లు పెద్దది. బస్తీ మంటపంలో పెట్టే గణపతి ఇరవై ఆరేళ్లుగా, విగ్రహాలు చేసే ధూల్‌పేట్ నుంచి అందులోనే వస్తున్నాడు. అలాంటి బండి నెల రోజులుగా పొద్దున్నే దగ్గుతూ, పొగ కక్కుతూ నడిరోడ్డు మీద ఆగిపోతోంది.

"రేపు దేవుణ్ణి తెచ్చేటప్పుడు ఆగిందనుకో బాపు, ఎల్లుండి తుక్కుకే" అన్నాడు సాగర్. ఊరుకోకుండా, "బండి కాదు, నీకే చాతనైతలేదు" అని కూడా అన్నాడు. ఆ రెండోమాట తట్టుకోలేక భిక్షపతి, సాగర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నేరుగా డానియేలు సందుకు వచ్చాడు.

"ఎప్పుడాగుతది?" డానియేలు విచారణ మొదలుపెట్టాడు.

"పొద్దుగాల. మధ్యాన్నం బువ్వ తిన్నంక గుర్రం లెక్క ఉరుకుతది."

"బువ్వ తినేది బండా, నువ్వా?"

"నేనే భాయ్! మజాక్ జేయకు."

"కోర్టుల మజాక్ ఉండది."

నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా నిలబెట్టాడు. నాలుగూ కాటుక పూసినట్టు నల్లగా, పెట్రోలు తడితో మెరుస్తున్నాయి.

"ఒక్కటే నల్లగుంటె దాని తాన లోపం అనుకోవచ్చు. నలుగురు ఒక్క తీరుగున్నరంటె, అందరికి పెట్రోలు ఎక్కువ తాపుతున్నోడు ఎవడో ఉన్నడు" అని గొణిగి, క్యాబిన్ తలుపు తీసి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత సాగర్‌ను చూశాడు. భిక్షపతిని చూశాడు. కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఎవడు కాకా వాడు?" అన్నాడు సాగర్.

"తప్పు ప్లగ్గులదే. నలుగురు కుమ్మక్కయిన్రు."

ఠంగు, ఠంగు, ఠంగు, ఠంగు.

సాయంత్రం బండి అప్పజెప్పేటప్పుడు క్యాబిన్‌లో తలుపు పక్కన కొత్త ఇనుప కొక్కెం కనిపించింది.

"ఇదేంది భాయ్?"

"కొత్త ప్లగ్గులకు చింతకాయ తొక్కు వాసన పడదన్నా. ఆగమ్మ వదినె ఇచ్చే టిఫిన్ సంచి గీడనే తగిలియ్యాలె. కోర్టు ఆర్డర్."

సాగర్ నవ్వాపుకోలేక సందు చివరికి పరిగెత్తాడు.

మర్నాడు తొమ్మిదడుగుల గణపతిని ఎక్కించుకుని ట్రక్కు ధూల్‌పేట్‌లో బయలుదేరింది. వెనక దేవుడి పక్కన సాగర్. ఒక్క దగ్గు లేదు. సగం దూరం వచ్చాక భిక్షపతి ఆపి, కొక్కేనికున్న సంచి దించి, అందులోని సీసా తీసి నీళ్లు తాగాడు. చెయ్యి అలవాటు కొద్దీ సంచిని పాత చోటే తగిలించింది. అది స్టీరింగ్ పక్కన చోక్ బొత్తం. పొద్దున చల్లటి ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ అందడానికి కాసేపు లాగి వదిలేసే బొత్తం.

పది గజాలు పోకముందే బండి దగ్గింది. నల్లటి పొగ.

భిక్షపతి కిందికి చూశాడు. టిఫిన్ బరువుకు బొత్తం బయటికి వచ్చి వేలాడుతోంది. గబుక్కున సంచి తీసి కొక్కేనికి వేశాడు. బొత్తం లోపలికి జారింది. దగ్గు ఆగింది. భార్య ఆగమ్మ రెండు గిన్నెల టిఫిన్ క్యారియర్ మార్చి మూడు గిన్నెలది కొన్నది సరిగ్గా నెల కిందటే. ఆ గిన్నెలు ఖాళీ అయ్యేది మధ్యాహ్నమే. నలభై ఏళ్లుగా బండ్లు నడుపుతున్న డ్రైవరు చెవులు వేడెక్కాయి.

"ఏమైంది బాపూ?" వెనక నుంచి సాగర్ అరిచాడు.

"ఏం లే బిడ్డా! కొత్త ప్లగ్గులు, ఇంకా అలవాటు గాలే!"

గణపతి వేళకే మంటపం ఎక్కాడు. "మస్తు నడిపినవ్ బాపు" అన్నాడు సాగర్. ఆ మాట విన్నాక భిక్షపతి తిన్నగా డానియేలు దగ్గరికి వెళ్లాడు.

"భాయ్, జైలు తెరువు. నా నలుగురిని చూడాలె."

డానియేలు డబ్బా మూత తీశాడు. లోపల ఉస్మానియా బిస్కెట్లున్నాయి.

"ప్లగ్గులేవి?"

"నీ బండిలనే ఉన్నయ్. మసి తుడిచి జమానత్ మీద ఇడిసిపెట్టిన."

"అవే పాతవా! సంచి సంగతి నీకు తెలిసి గూడ పోరని ముంగట ఎందుకు చెప్పలే?"

డానియేలు ముఖంలో గాంభీర్యం రవ్వంత కూడా తగ్గలేదు. "ప్లగ్గు ఎన్ని మాటలన్నా పడ్తదన్నా. బిస్కెట్ తిను."

అంతలో సందు మొదట్లో ఉమాపతి స్కూటరు తోసుకుంటూ కనిపించాడు. వెనకే రాజరాజేశ్వరి గొంతు. "ఈసారి నాలుగుసార్లు చెప్పాను!"

డానియేలు కళ్లద్దాలు వెతుక్కునేలోపే భిక్షపతి నోట్లోని బిస్కెట్ మింగి, లేచి, తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు. ఒక నిమిషం స్కూటరు వైపు చూశాడు.

"తప్పు ప్లగ్గుదేనమ్మా" అని, పెట్రోలు సీసా అందుకున్నాడు.