నలభై పాఠాల రికార్డు

జపాన్‌లో ఒక చిన్న ఊరి బడిలో మూడేళ్లుగా నేను ఇంగ్లీషు సహాయ టీచర్ని. క్లాసు అక్కడి టీచరుది. నేను బోర్డు పక్కన నిలబడి, ఆమె అడిగినప్పుడు వాక్యం చదివి వినిపిస్తాను. నాలాంటి బిడియస్తురాలికి అంతకన్నా మంచి చోటు దొరకదు. కానీ వచ్చే మార్చితో నా ఒప్పందం ముగుస్తుంది. అక్కడే ఉండాలంటే పూర్తి టీచరుగా లైసెన్సు తెచ్చుకోవాలి. దరఖాస్తు నింపుతూ ఒక కాగితం దగ్గర ఆగిపోయాను. బీఎడ్ శిక్షణలో నేను సొంతంగా ఎన్ని పాఠాలు చెప్పానో, ఆ శిక్షణ ఇచ్చిన బడి హెడ్మాస్టరు సంతకం చేసి ఇవ్వాలట.

సెలవు పెట్టి వనపర్తికి వచ్చి, బీరువా మీదున్న బీఎడ్ రికార్డు పుస్తకం దించాను. నలభై పాఠాలకు ప్రణాళికలు, గుండ్రటి అక్షరాలు, ప్రతి పేజీ కింద ఎర్రసిరా సంతకం. అన్నీ నేను రాసినవే. అన్నీ చెప్పినవి మాత్రం కావు.

నాగర్‌కర్నూల్ బడిలో శిక్షణ రోజుల్లో నాకు తోడు ఒక గద్వాల అమ్మాయి ఉండేది. ఆమెకు రాయాలంటే బద్ధకం, నాకు పిల్లల ముందు నిలబడాలంటే వణుకు. ఆమె రికార్డు నేను రాశాను. నా క్లాసులు ఆమె తీసుకుంది. "నీ చేతిరాత, నా గొంతు. ఇద్దరం కలిస్తే ఒక్క టీచరు," అని నవ్వేది. ఆనాటి డైరీ తీసి లెక్కపెట్టాను. నేను చెప్పిన పాఠాలు ఆరు.

ఆమె ఇప్పుడు గద్వాలలోనే ప్రైవేటు బడిలో చెబుతోంది. ఫోన్ చేశాను.

"పిచ్చిదానివే నువ్వు. నలభై అని రాయించుకో. జపానోళ్లు నాగర్‌కర్నూల్ దాంక వచ్చి అడుగుతరా?"

"అడగరు."

"మరేంది నీ పరేషాన్?"

మళ్లీ చేస్తానని ఫోన్ పెట్టేశాను. పోయిన చలికాలం జపాన్‌ బడిలో టీచరుకు జ్వరమొచ్చి, మధ్యలో క్లాసు నాకు వదిలి వెళ్లింది. ముప్పై మంది పిల్లలు పుస్తకాలు తెరిచి నావైపు చూశారు. నేను బోర్డు మీద తేదీ రాశాను. తుడిచి, మళ్లీ రాశాను. గంట మోగేదాకా అంతే. లైసెన్సు వస్తే ఆ గది రోజూ నాదే.

మర్నాడు బస్సెక్కి నాగర్‌కర్నూల్ వెళ్లాను. అప్పటి హెడ్మిస్ట్రెస్ మేడమే ఇంకా ఉన్నారు. సెలవు మీద వచ్చానని, జపాన్‌లో లైసెన్సుకు సంతకం కావాలని చెప్పి, కాగితం, రికార్డు ముందు పెట్టాను. రికార్డు చూడగానే గుర్తుపట్టారు.

"ఈ అక్షరాలు ఎట్ల మర్చిపోత బిడ్డా! నీ తర్వాత వచ్చినోళ్లందరికీ నీ రికార్డు ముచ్చటే చెప్తుంట." పెన్ను మూత తీశారు. "నలభై రాస్తున్న."

"ఆరు, మేడమ్."

"ఏంది?"

"నేను చెప్పింది ఆరే. మిగిలినవి నా దోస్తు చెప్పింది."

మేడమ్ పేజీలు తిప్పారు. ప్రతి పేజీలోనూ ఆమె సంతకమే.

"అంటే నేను చూడకుండనే సంతకాలు పెట్టిన అంటున్నవా?"

నిజం చెబితే నాకొక్కదానికే నష్టం అనుకున్నాను. మేడమ్‌ను కూడా తప్పులోకి లాగుతున్నానని బస్సులో తోచనే లేదు.

"ఆరు రాస్తే లైసెన్సు ఇస్తరా?"

"ఇయ్యరు."

"మరి ఇంత దూరం ఎందుకొచ్చినవ్?"

"నాకు క్లాసు చెప్పుడు రాదు మేడమ్."

కోపంగానే ఆరు అని రాసి, సంతకం పెట్టి, కాగితం నావైపు తోశారు. గోడ మీది టైంటేబుల్ వైపు తిరిగారు.

"సెలవు ఇంకెన్ని రోజులున్నది?"

"పద్దెనిమిది."

"ఎనిమిదో తరగతి ఇంగ్లీషు సారు ఈ నెలంత రారు. పో. ఈసారి నేను వెనక బెంచీల కూసుంట."

ఆ క్లాసు బాగా జరగలేదు. చెప్పాల్సిందంతా పది నిమిషాల్లో అయిపోయింది. మూడో వరుసలో ఒకమ్మాయి లేచి, "టీచర్, జర గట్టిగ చెప్పుర్రి, ఏం వినబడ్తలేదు," అంది. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు, ఏదో రాసుకుంటున్నారు. నేను మొదటి వాక్యానికి తిరిగి వెళ్లి, ఇంకొంచెం గట్టిగా చదివాను.

కాగితంలో ఆరే ఉంది. దాన్ని పంపితే లైసెన్సు రాదు. మార్చి తర్వాత ఎక్కడ ఉంటానో తెలియదు. వనపర్తి బస్సులో డైరీ తెరిచి "ఏడు" అని రాశాను. తర్వాత ఎనిమిదో తరగతి పుస్తకం తీసి, రేపటి పాఠం పైకి చదవడం మొదలుపెట్టాను. పక్కసీటామె తిరిగి చూసింది. ఆపలేదు.