ఏడవని ఆడవాళ్ల గురించి నేను రాసింది

తొంభైల చివర్లో, మానవశాస్త్రం ఎమ్మే చదువుతూ, డిసర్టేషన్ కోసం మూడు నెలలు విశాఖలోని ఒక జాలరిపేటకు వెళ్లాను. మా నాన్న ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికని గోదావరి వైపు నుంచి వచ్చినవాడు. నేను పెరిగింది ఈ ఊళ్లోనే అయినా, అంతకు ముందు ఆ ఒడ్డున ఎవరింట్లోనూ మంచినీళ్లయినా తాగలేదు. చేపలమ్మే ఒక పెద్దావిడ తన అరుగు మీద నాకు చోటిచ్చింది. ఆవిణ్ణి పిన్నీ అని పిలిచేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే రావలసిన పడవ మధ్యాహ్నమైనా రాలేదు. అందులో పిన్ని అల్లుడు, ఇంకో ముగ్గురు ఉన్నారు. గాలి పెరుగుతోంది. ఒడ్డున కూర్చున్న ఆడవాళ్లు ఏడవడం లేదు, మాట్లాడుకోవడం లేదు. పిన్ని కూతురు వల బాగుచేస్తూనే ఉంది. నేను నోట్‌బుక్ తీసి గబగబా రాయడం మొదలుపెట్టాను.

"ఏటి రాత్తన్నావ్?" అంది ఆమె, తలెత్తకుండానే.

"ఏం లేదక్కా..."

"మా గురించే కదా. సదువు."

అందరూ నా వైపు తిరిగారు. చదివాను. "వీరికి ప్రమాదం అలవాటైపోయింది. మగవాళ్లు తిరిగి రాకపోయినా ఆడవాళ్లలో పెద్దగా చలనం ఉండదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. "మీ నాన్న ఎప్పుడైనా డూటీ నుంచి రాకుండా ఉండిపోయాడేటి?"

"ఒకసారి. తుఫానొచ్చి బస్సులాగిపోయాయి. మర్నాడొచ్చాడు."

"మీయమ్మ ఏటి సేసింది?"

"కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది."

"ఏడిసిందా?"

"లేదు."

"అయితే మీయమ్మకీ సలనం నేదని రాసుకో."

"ఇప్పుడొద్దే, ఊరుకో," అంది పిన్ని.

లేచి పారిపోవాలనిపించింది. కానీ ఆ పడవ రాకుండా ఎలా వెళ్లను? నోట్‌బుక్ మూసి అక్కడే కూర్చున్నాను. మూడు గంటలవేళ, ఇంజను చెడిన ఆ పడవను ఇంకో పడవ లాక్కొచ్చింది. నలుగురూ ఉన్నారు. పిన్ని కూతురు మోకాలి లోతు నీళ్లలోకి పరిగెత్తి, మొగుడి భుజం మీద దబదబా బాదుతూ బావురుమంది. నేను తల తిప్పుకున్నాను.

డిసర్టేషన్‌లో నేను రాసిన ఆ వాక్యమూ, ఆమె అడిగిన ప్రశ్నలూ రెండూ పెట్టాను. "మీ ఇంటి సంగతులు ఇందులో ఎందుకమ్మా?" అన్నారు మా గైడు. తీయనన్నాను. మార్కులు కాస్త తగ్గాయి.

పిన్ని కూతురు నాతో మళ్లీ మాట్లాడటానికి మాత్రం పది రోజులు పట్టింది.