ఆఖరికి చెయ్యి పెట్టింది ఎవరు?

పప్పులో కాలేశాడని లోకం చాలామందిని అంటుంది. నేను నిజంగానే పప్పులో వేశాను. కంప్యూటర్‌లో కెర్నల్ అనేదొకటి ఉంటుందని, అది గింజ లోపలి పప్పు లాంటిదని, మనకు తెర మీద కనిపించేదంతా పైపొట్టేనని మా బావ చెప్పాడు. పొట్టుతో ఎన్ని ఆటలైనా ఆడుకో, పప్పు జోలికి మాత్రం పోకు అని కూడా చెప్పాడు. పోయాను. అది తెలివితక్కువతనం. దాన్ని మోయడం నాకు బరువు కాదు, చిన్నప్పటి నుంచి అలవాటే. ఇన్నేళ్లుగా మోస్తున్నది ఆ తర్వాత నేనన్న ఒక మాటను. దాన్ని మీ ముందు దించుకుందామని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్ల ముందు దించడం ఎంత కష్టమో ఈమధ్యే తెలిసింది.

నాది పాల్వంచలో కరెంటు తయారుచేసే చోట షిఫ్టు ఉద్యోగం. వీరన్న బావ, అంటే మా సరోజక్క భర్త, సారపాక కాగితం మిల్లులో మీటర్లూ గేజీలూ చూసే పనిలో ఉన్నాడు. కంప్యూటర్ ఆయన చదువు కాదు, ఇష్టం. పాత సామాన్లు పోగేసి మా క్వార్టర్‌లో ఒకటి నిలబెట్టి, దాన్ని నడిపించడానికి విండోస్ బదులు లినక్స్ ఎక్కించాడు. వీక్లీ ఆఫ్ రోజు బస్సెక్కి వచ్చేసేవాడు. నన్ను చూడ్డానికి కాదు, దాన్ని చూడ్డానికి. వస్తూనే కుర్చీలో కూర్చుని, "చాయ్ పెట్టు బామ్మర్ది, నీకు చేతనైన పని అదొక్కటే" అనేవాడు. అదీ సరిగా చేతకాదని మా ఇంటావిడ వంటింట్లోంచి సవరించేది.

మా అక్క పాడేది. బతుకమ్మ ఆటలో పాట ఎత్తుకునేది అక్కే. ఆమె గొంతు విప్పితే, వలయానికి అవతల ఉన్నవాళ్లు కూడా చప్పట్ల వరస సరిచేసుకునేవాళ్లు. తర్వాత గొంతులో గడ్డ వచ్చింది. తీసేస్తే ప్రాణానికి ఢోకా లేదు కానీ పాత గొంతు రాదని దవాఖానాలో ముందే చెప్పారు. ఆపరేషన్‌కు ముందు బావ ఆమెను మా ఇంటికి తీసుకొచ్చి, తలుపులు మూయించి, ఫ్యాను ఆపించి, తెలిసిన పాటలన్నీ పాడించాడు. అన్నీ మా కంప్యూటర్‌లోనే రికార్డు చేశాడు. తన గొంతు తిరిగి వస్తే అవి వినే పనే ఉండదని అక్క నవ్వింది. రాలేదు. గుసగుస మిగిలింది.

అక్క దవాఖానా నుంచి ఇంటికి వస్తుందనగా నాకొక బుద్ధి పుట్టింది. మా కంప్యూటర్‌లో పాట పెడితే వెనక కరకరమని శబ్దం వచ్చేది. కొత్త కెర్నల్‌తో అది పోతుందని ఎక్కడో చదివాను. అక్క వచ్చేసరికి ఆమె గొంతు ఆమెకు శుభ్రంగా వినిపించాలి. బావ రాకుండానే నేను చేసి చూపించాలి. ఈ రెండింటిలో ఏది ముందు? మొదటిదే అని చాలా కాలం నన్ను నేను నమ్మించుకున్నాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను.

డిస్కులో కెర్నళ్లు ఉండే చోటు ఇరుకు. పాతవి నిండి ఉన్నాయి. కొత్తది పట్టలేదు. బావ ఒక నియమం పెట్టాడు: "కొత్తది లేచి నడిచి చూపెట్టేదాక పాతదాన్ని తియ్యకురా. మీ ప్లాంట్ల స్టాండ్‌బై పంపును విప్పుకుంటరా?" విప్పం. పదిమందికి ఆ పాఠం చెప్పినవాణ్ణి నేనే. అయినా చోటు కోసం పాతవన్నీ తీసేశాను. కొత్తదాని పక్కన ఒక చిన్న ఫైలు తయారు కావాలి, డిస్కును తెరవడానికి కెర్నల్‌కు అదే తాళంచెవి. అది సగంలో ఆగింది. ఎర్ర అక్షరాలు ఏవో వచ్చాయి. చదవలేదు. రీస్టార్ట్ కొట్టాను.

నల్ల తెర. రూట్, అంటే డిస్కులో అన్నిటికీ మొదలు, దొరకడం లేదని ఒక వాక్యం. కెర్నల్‌కు వేరు దొరకలేదు, నాకు దారి దొరకలేదు. వెనక్కి పోదామంటే పాతది లేదు.

మా దగ్గర యూనిట్ ట్రిప్ అయితే, అంటే ఉన్నట్టుండి ఆగిపోతే, మొట్టమొదట అడిగేది ఒకటే. ఆఖరికి చెయ్యి పెట్టింది ఎవరు? శిక్ష వేయడానికి కాదు. జవాబు నిజమైతే సగం వెతుకులాట తప్పుతుంది. ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పినవాడితో తర్వాత ఎవరూ డ్యూటీ చేయడానికి ఇష్టపడరు. మిల్లులోనూ అదే పద్ధతి. బావ వచ్చి, తెర చూసి, చెప్పులు కూడా విడవకుండా అదే అడిగాడు.

"ఆఖరికి చెయ్యి పెట్టింది ఎవరు?"

"ఎవరు లేరు బావా."

"అప్‌డేట్ గిట్ల ఏమన్న కొట్టినవా?"

"ఏంది బావా. నాకు తినే పప్పు వండుడే రాదు, నీ పప్పు జోలికి నేనెందుకు పోత?"

బావ నవ్వాడు. "అవ్, గదీ నిజమే. నీకు గంత ధైర్యం యాడిది."

అంతే. నా అబద్ధం ఆయన నవ్వులో కలిసి లోపలికి పోయింది. ఎవరూ ముట్టలేదంటే ఇక మిగిలింది డిస్కు. అది పాతది, కొంతకాలంగా కిరకిరమంటోంది, తెచ్చి పెట్టింది తనే. డిస్కు పోయిందని తేల్చాడు. విప్పి పక్కన పడేసి, వేరేది బిగించాడు. ఇంటికి పోయి అక్కతో, "పాత డిస్కు పెట్టిన, బుద్ధి లేక. నీ పాటలు నేనే పోగొట్టిన" అన్నాడట. అక్క గుసగుసగా, "పోనీ తియ్యి" అన్నదట.

ఆ తర్వాత బావ కంప్యూటర్ ముట్టలేదు. వీక్లీ ఆఫ్‌లు వచ్చాయి, బస్సులు వచ్చాయి, బావ రాలేదు. పెళ్లిళ్లలో కనిపిస్తే మర్యాదగా మాట్లాడేవాడు. బావ మర్యాదగా మాట్లాడటం కంటే పెద్ద శిక్ష బామ్మర్దికి ఉంటుందా? చాయ్ పెట్టమని వెక్కిరించేవాడు లేక మా ఇంట్లో నా చాయ్ సంగతి అందరూ మరిచిపోయారు.

ఇక్కడితో అయిపోతే దీన్ని పొరపాటు అనేవాణ్ణి. పక్కన పడేసిన డిస్కును నేను పారేయలేదు. బీరువాలో బట్టల వెనక పెట్టాను. కొన్నాళ్లకు కాస్త నేర్చుకుని, మార్నింగ్ షిఫ్టు దిగి వచ్చిన ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు కేబుల్‌తో తగిలించి చూశాను. తెరుచుకుంది. దానికేమీ కాలేదు. పాటలన్నీ ఉన్నాయి. పాటకూ పాటకూ మధ్య బావ దగ్గు, "ఇంకోటి ఎత్తుకో సరోజా" అనే మాట కూడా.

మరి ఎందుకు ఇవ్వలేదు? ఇవ్వాలంటే పాటలతో పాటు అబద్ధాన్నీ ఇవ్వాలి. షాపులో తీయించానని ఇంకో అబద్ధం ఆడొచ్చు, ఘనుణ్ణి కూడా కావచ్చు, ఆ ఆలోచన రాకపోలేదు. కానీ బావ డిస్కును ఒకసారి తగిలించి చూస్తే చాలు, దానికేమీ కాలేదని తెలిసిపోతుంది. భయం. అది ఒక్కటేనా? మార్నింగ్ షిఫ్టు రోజుల్లో ఇంటికి వచ్చి, తలుపు వేసి, ఫ్యాను ఆపి వినేవాణ్ణి. నేను చెడగొట్టిన రోజుల్లోకి పోయి కూర్చునేవాణ్ణి. అందులో అక్కకు గొంతు ఉంది, బావకు నేనంటే నవ్వు ఉంది. అక్క సొంత గొంతును అక్కకు లేకుండా చేసి, నేనొక్కణ్ణే తిన్నాను. ఆకలి తీరింది కాబట్టి పంచలేదేమో. లేదు, తీరలేదు కూడా.

మొన్న బతుకమ్మకు సారపాక పోయాను. అక్క వలయం చివర నిలబడి చప్పట్లు కొడుతోంది. పాట ఇంకెవరో ఎత్తుకున్నారు. అక్క కూతురు నా పక్కన చేరి, "అమ్మ మస్తు పాడేదంట గద మామా. ఎట్ల పాడేది?" అని అడిగింది. దానికి ఊహ తెలిసేసరికే ఆ గొంతు లేదు. "మంచిగ పాడేది బిడ్డా" అన్నాను. ఇన్నేళ్లుగా వింటున్నవాణ్ణి, అంతకు మించి చెప్పలేకపోయాను.

ఇంటికి వచ్చి పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, డిస్కును కూడా పట్టుకుని మళ్లీ వాళ్లింటికి పోయాను. బావ ఎదురుగా నోరు పెగలదని నాకు ముందే తెలుసు. టీవీకి పెడితే ముందు నా గొంతు వచ్చింది. "బావా, ఆఖరికి చెయ్యి పెట్టింది నేనే" అని మొదలై, మీకు చెప్పిందంతా. మేనకోడలు పాట మీదికి పోదామని రిమోట్ అందుకుంది. "ఉండనీ" అన్నాడు బావ. అంతా విన్నాడు. తర్వాత అక్క పాట మొదలైంది. అక్క తన గొంతు మీద చెయ్యి పెట్టుకుని, టీవీ వైపే చూస్తూ కూర్చుంది. పాట మధ్యలోనే బావ లేచి సెకండ్ షిఫ్టుకు వెళ్లిపోయాడు. నన్ను అన్నం తినమని ఎవరూ అనలేదు. ఆ ఇంటి నుంచి తినకుండా బస్సెక్కడం నాకదే మొదటిసారి.

ఫోన్ ఇంకా రాలేదు. డిస్కూ పెన్‌డ్రైవూ అక్కడే వదిలి వచ్చాను, బీరువాలో బట్టల వెనక ఇప్పుడు ఖాళీ. మధ్యాహ్నాలు ఏమీ వినకుండా నిద్రపోతున్నాను.

ఒక్క సంగతి మిగిలింది. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు నా ఒప్పుకోలు పేరుకు ముందొక సున్నా చేర్చాను. వరసలో ఎప్పుడూ అదే మొదట వస్తుంది. ఆ రోజు నవ్వించి అబద్ధమాడిన నా నోటి మీద నేను తీర్చుకున్న చిన్న పగ అది. ఆ ఇంట్లో అక్క పాట మొదలు కావాలంటే, ప్రతిసారీ ముందు నా నోరు నిజం చెప్పాలి.